కొత్త మ్యూజియం పక్కన మడత స్టాల్: మా ప్రాజెక్టు డైరీ

కొత్త మ్యూజియం తెరుస్తున్నారని తెలియగానే చుట్టుపక్కల చిన్న అమ్మకందార్లందరికీ ఒకే ఆలోచన వస్తుంది, అక్కడ ఒక స్టాల్ పడితే బాగుండునని. మాకూ అదే వచ్చింది. మాలో ఒక అక్క గుడ్డ సంచులు కుడుతుంది, ఒకాయన నోటుపుస్తకాలు బైండు చేస్తాడు, చెక్కపని తెలిసిన అన్న చిన్న చిన్న వస్తువులు చేస్తాడు, నేను ప్రింట్లు, పోస్ట్‌కార్డులు వేస్తాను. ఎవరికి వాళ్లం విడిగా స్టాల్ నింపేంత సరుకు మా దగ్గర లేదు, అద్దె మోసే స్తోమతా లేదు. కాబట్టి నలుగురికీ ఒకటే స్టాల్, మడిస్తే కారు వెనక సీటులోకి, డిక్కీలోకి పట్టాలి, ఇద్దరు కలిసి అరగంటలో నిలబెట్టగలగాలి. ఈ డైరీలో రాసేది ఆ స్టాల్ కట్టడం గురించి, దాని వెనకున్న తలనొప్పుల గురించి. ఇలాంటిది పెట్టాలనుకునేవాళ్లకు పనికొస్తుందని కొంచెం వివరంగానే రాస్తున్నా.

ముందు తేదీ గొడవ

పని మొదలుపెట్టేముందే ఒక నియమం పెట్టుకున్నాం. ప్రారంభ తేదీని ఏ వస్తువు మీదా అచ్చు వేయకూడదు. "మొదటి రోజు" "ప్రారంభోత్సవం" లాంటి మాటలు కూడా వద్దు. అక్కకు ఇది నచ్చలేదు, తేదీ ఉన్న సంచి అయితే జ్ఞాపకంగా కొంటారు కదా అంది. నిజమే, కొంటారు. కానీ మ్యూజియాల తేదీలు నిలబడవు. ఈజిప్టులోని గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియాన్నే తీసుకోండి, 2002లో శంకుస్థాపన జరిగితే, ఎన్నో వాయిదాల తర్వాత 2025 జూలై 3న పెద్ద ఎత్తున తెరుస్తామని ప్రకటించి, అదీ వాయిదా వేసి, చివరికి నవంబర్ 1న తెరిచారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్‌మ్యూజియం మరమ్మతుల కోసం 2003లో మూతపడింది, 2008కల్లా తెరవాలనుకున్నారు, తెరిచేసరికి 2013 ఏప్రిల్ వచ్చింది. బెర్లిన్‌లో హంబోల్ట్ ఫోరం మరీ విచిత్రం, 2020 డిసెంబర్‌లో కోవిడ్ వల్ల ఆన్‌లైన్‌లోనే ప్రారంభమైంది, జనం లోపలికి అడుగుపెట్టింది 2021 జూలైలో. ఆ డిసెంబర్‌కని తేదీ వేసి సంచులు కుట్టించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఆ సరుకు ఏం చేసుంటారో పాపం.

అందుకని మా లెక్క ఇలా ఉంది: స్టాల్‌కు పెట్టే ఖర్చు ఏ మ్యూజియం పక్కనైనా, ఏ సంతలోనైనా పనికొచ్చేలా ఉండాలి. ఈ ఒక్క మ్యూజియానికే పనికొచ్చే సరుకు మొత్తంలో పావు వంతు దాటకూడదు. ఈ పావు వంతు అనేది మాలో మేం వాదులాడుకుని తేల్చుకున్న సంఖ్యే, దానికి శాస్త్రమేం లేదు.

జాగా ఎవరిది?

ఇది తేల్చడానికే ఎక్కువ తిరగాల్సి వచ్చింది. మ్యూజియం చుట్టూ ఉన్న నేల చూడ్డానికి ఒకటే చప్టాలా ఉంటుంది కానీ కాగితాల మీద అది నాలుగు ముక్కలు. మ్యూజియం ఆవరణ మ్యూజియానిది. బయటి ఫుట్‌పాత్ నగరపాలక సంస్థది. ఎదురుగా ఉన్న ఖాళీ స్థలం ఏ ప్రైవేటు బిల్డర్‌దో. ఇంకొన్నిచోట్ల మధ్యలో ట్రాఫిక్ వాళ్ల చేతిలో ఉండే ముక్క ఒకటి తగులుతుంది. నాలుగింటికీ నాలుగు రకాల పర్మిషన్లు.

ఆవరణలోపల అయితే జనం ఖాయం, కానీ అద్దెతోపాటు అమ్మకం మీద వాటా కూడా అడగొచ్చు, పైగా మ్యూజియం సొంత షాపుకు పోటీ రాకూడదని షరతు ఉంటుంది. అంటే లోపల పోస్ట్‌కార్డు అమ్ముతుంటే బయట మన పోస్ట్‌కార్డు ఒప్పుకోరు. ఫుట్‌పాత్ అయితే వీధి వ్యాపార లైసెన్సు కావాలి, అదీ ఫలానా చోటుకే ఇస్తారు, పది మీటర్లు అటు జరిగినా చెల్లదు. మూడో దారి ఒకటుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు: దగ్గర్లో ఉన్న షాపు ముందరి గుమ్మం, ఖాళీగా పడున్న దుకాణం, లాబీ ఉన్న ఆఫీసు. యజమాని ఒప్పుకుంటే చాలావరకు పని అయిపోతుంది. మేం చివరికి ఆ మూడో దారే పట్టాం, మ్యూజియం నుంచి బయటికొచ్చే దారిలో ఒక భవనం ముందున్న ప్రైవేటు చప్టా, వారాంతాలకు, మరో రెండు మామూలు రోజులకు.

ఒప్పందం కాగితం మీద రాసుకునేటప్పుడు ఒక్క వాక్యం కోసం పట్టుబట్టాం. మ్యూజియం తెరవడం వాయిదా పడితే అద్దె తేదీలు కూడా దానితోపాటు జరగాలి, అడ్వాన్సు పోకూడదు. యజమాని మొదట నవ్వాడు, తర్వాత పైన చెప్పిన ఉదాహరణలు చూపిస్తే ఒప్పుకున్నాడు. స్థలం తీసుకునేవాళ్లెవరైనా ఈ ఒక్క లైను మాత్రం వదలొద్దు.

మిగతా కాగితాలు క్లుప్తంగా: మూడో వ్యక్తికి దెబ్బ తగిలితే వర్తించే బీమా, పందిరి గుడ్డ మంట అంటుకోని రకమని సర్టిఫికెట్, చక్రాల కుర్చీకి దారి వదిలినట్టు చూపించే చిన్న ప్లాను బొమ్మ. ప్లాను బొమ్మ గీసి ఇచ్చేసరికి అవతలివాళ్ల మాట తీరే మారిపోయింది, అంతవరకు "చూద్దాం లెండి" అన్నవాళ్లు కొలతలు అడగడం మొదలుపెట్టారు.

వచ్చేవాళ్లు ఎక్కడ ఆగుతారు

ఈ మ్యూజియం ఇంకా తెరవలేదు కాబట్టి ఇప్పటికే నడుస్తున్న ఇంకో మ్యూజియం బయట నిలబడి చూశాం. మేం అనుకున్నది ప్రవేశం దగ్గర స్టాల్ ఉంటే మంచిదని, క్యూలో నిలబడ్డవాళ్లకు తోచదు కదా, చూస్తారు కదా అని. చూస్తారు, నిజమే. కొనరు. చేతిలో టికెట్ ఉంటుంది, లోపలికి వెళ్లే తొందర ఉంటుంది, పైగా చాలా మ్యూజియాల్లో పెద్ద సంచులు లోపలికి రానివ్వరు, క్లోక్‌రూమ్‌లో పెట్టాలి. లోపలికి వెళ్లబోయేవాడికి ఇంకో వస్తువు అంటగట్టడమంటే ఇంకో బరువు అంటగట్టడమే.

బయటికొచ్చే గేటు సంగతి వేరు, కానీ అక్కడా ఒక మెలిక ఉంది. గేటు దాటగానే జనం ఆగరు. ఒక పదిహేను ఇరవై అడుగులు నడిచి, గుంపులో నుంచి పక్కకు తప్పుకుని, అప్పుడు ఆగుతారు. ఫోను తీస్తారు, క్యాబ్ బుక్ చేస్తారు, వెనకపడ్డ వాళ్ల కోసం చూస్తారు, పిల్లలుంటే మంచినీళ్లు తాగిస్తారు. ఇద్దరు కలిసి వచ్చినవాళ్లలో ఒకరు బాత్రూమ్‌కు వెళ్తే రెండోవాళ్లు అక్కడే నిలబడి అటూ ఇటూ చూస్తుంటారు. ఆ రెండోవాళ్లే మా గిరాకీ. వాళ్లకు నాలుగైదు నిమిషాలు ఖాళీ ఉంది, లోపల చూసిన వస్తువులు ఇంకా కళ్లలో ఉన్నాయి, చేతులు ఖాళీగా ఉన్నాయి. అందుకే మాకు దొరికిన చప్టాలో కూడా గేటుకు దగ్గరగా ఉన్న మూల వదిలేసి, కొంచెం అవతలగా, క్యాబ్‌లు ఆగే చోటుకు కనిపించేలా ఉన్న మూల ఎంచుకున్నాం. యజమాని ఆశ్చర్యపోయాడు, "ముందు మూల ఖాళీగా ఉంది కదండీ" అని.

ఇంకో సంగతి టికెట్ స్లాట్లు. కొత్త మ్యూజియాలు చాలావరకు టైము ప్రకారం లోపలికి పంపుతున్నాయి. వాషింగ్టన్‌లో ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియం 2016 సెప్టెంబర్ 24న తెరిచినప్పుడు టైమ్డ్ పాసులతోనే నడిపారు, అవి నెలల ముందే అయిపోయేవి. స్లాట్లు ఉన్నచోట లోపలికి వెళ్లేవాళ్లు కెరటాల్లా వెళ్తారు, బయటికి వచ్చేసరికి ఆ కెరటం పలచబడుతుంది కానీ పూర్తిగా పోదు. కాబట్టి మొదటి స్లాట్ తర్వాత గంటన్నర వరకు స్టాల్ దగ్గర ఇద్దరు అవసరం లేదు. పొద్దున్నే అందరం వచ్చి ఈగలు తోలుకునే పని తప్పింది.

బల్ల ఎత్తు

ఇక అసలు కట్టడం. ఈ భాగం నాకు బాగా ఇష్టం, కొంచెం సాగదీస్తాను.

మడత బల్లలు మామూలుగా 75 సెంటీమీటర్ల ఎత్తులో వస్తాయి, కూర్చుని పని చేసుకోవడానికి సరిపోయే ఎత్తు అది. దాని మీద నోటుపుస్తకాలు పరిచి, మ్యూజియం చూసి అలిసిపోయిన మనిషిలా ఎదురుగా నిలబడి చూస్తే, పుస్తకం పేరు చదవాలంటే నడుం వంచాలి. 1916లో బోస్టన్‌లో బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ అనే ఆయన మ్యూజియం అలసట గురించి ఒక వ్యాసం రాశాడు, అందులో ఒక మనిషి అద్దాల పెట్టెల్లోని వస్తువులను, వాటి కింద చీటీలను చూడ్డానికి ఎలా వంగుతున్నాడో, ఎలా గొంతుకూర్చుంటున్నాడో, మెడ ఎలా తిప్పుతున్నాడో వరసగా ఫోటోలు తీయించి వేశాడు. ఆ ఫోటోలు చూస్తే నవ్వొస్తుంది, తర్వాత నడుం నొప్పెడుతుంది. మా స్టాల్‌కు వచ్చేది సరిగ్గా ఆ మనిషే, గంటా రెండు గంటలు అలా వంగి వంగి బయటికొచ్చినవాడు. మేం మళ్లీ వంగమంటే వంగుతాడా?

అందుకని అన్న బల్ల కాళ్లకు చెక్క తొడుగులు చేశాడు. పీవీసీ పైపు ముక్కలు కూడా ప్రయత్నించాం, అవి ఎగుడుదిగుడు నేల మీద జారుతున్నాయి. చెక్క దిమ్మలో కాలు దూరేంత గుంత తొలిచి, అడుగున రబ్బరు షీటు అంటిస్తే కదలకుండా నిలబడ్డాయి. ఇప్పుడు బల్ల 92 సెంటీమీటర్లు. దాని వెనక భాగంలో మెట్లలా రెండు వరసలు, పై మెట్టు నేల నుంచి 120 దగ్గర. పోస్ట్‌కార్డులు పడుకోబెట్టకుండా వెనక్కి కొంచెం వాల్చి నిలబెట్టాం, ముందు అంచున సన్నటి చెక్క పట్టీ. వాల్చడం ఎంత అనేదాని మీద పెద్ద చర్చే జరిగింది. మరీ నిటారుగా ఉంటే గాలికి పడుతున్నాయి, మరీ వాలిస్తే ఎండ కొట్టి మెరుస్తున్నాయి. చివరికి అన్న ఒక కార్డు చేత్తో పట్టుకుని నన్ను ఎదురుగా నిలబెట్టి, "చెప్పు తమ్ముడూ, ఎక్కడ మెరుపు ఆగింది?" అని అడుగుతూ అక్కడే పెన్సిల్ గీత గీశాడు. కోణం ఎంతో కొలవలేదు. ఆ గీత చూసే పట్టీలన్నీ కోశాడు.

ఒక చివర మాత్రం బల్ల ఎత్తు పెంచలేదు, 75 దగ్గరే ఉంచాం. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు, పిల్లలకు అందాలి. చిన్న చెక్క వస్తువులు ఆ చివర పెట్టాం. పిల్లలు అటే పరిగెత్తుతారని ముందే తెలుసు, అందుకే విరగని వస్తువులే అక్కడ.

స్టాల్ ముందు నిలబడే చోటు కూడా లెక్కే. వెనక నుంచి జనం రాసుకుంటూ పోతుంటే ఎవరూ నిలబడి చూడరు, ఒకసారి భుజం తగిలితే కదిలిపోతారు. కాబట్టి బల్లను పందిరి అంచున పెట్టకుండా మీటరు లోపలికి జరిపాం. నీడ కొనేవాళ్ల మీద పడాలి. దీనివల్ల మాకు వెనక చోటు ఇరుకైంది, పెట్టెల మీద కూర్చుంటున్నాం, ఫరవాలేదు.

వెలుతురు, గాలి

మ్యూజియంలో కాగితం, గుడ్డ లాంటి సున్నితమైన వస్తువుల మీద వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దగ్గర ఆపుతారు, రంగులు వెలిసిపోకూడదని. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ వరకు ఉంటుంది. ఆ మసక గదుల్లోంచి బయటికొచ్చిన మనిషికి మొదటి రెండు నిమిషాలు కళ్లు చిట్లించుకోవడమే సరిపోతుంది. ఆ కళ్లకు మెరిసే ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ప్రింటు అద్దం ముక్కలా తగులుతుంది. కవర్లు తీసేశాం. నమూనా ఒకటి బయట, మట్టి అంటినా ఫరవాలేదు, కొనేవి వెనక పెట్టెలో కాగితం కవర్లలో. ప్రింట్లన్నీ మ్యాట్ కాగితం మీదే. పందిరి గుడ్డ కూడా తెలుపు తీసుకున్నాం. నీలం గుడ్డ చవగ్గా వచ్చింది గానీ కింద ఉన్న సరుకంతా నీలంగా కనిపిస్తోంది, అక్క కుట్టిన పసుపు సంచి ఆకుపచ్చగా తేలింది.

సాయంత్రానికి ఎల్‌ఈడీలు, తొమ్మిది వాట్లవి నాలుగు, 3000 కెల్విన్ రంగు (పసుపు ఛాయ వెలుతురు), సీఆర్‌ఐ, అంటే రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే సంఖ్య, 90 పైన. ఈ సీఆర్‌ఐ చూసి కొనండి. అది తక్కువైతే ఎరుపు రంగులు చచ్చిపోతాయి. నాలుగు దీపాలకు 36 వాట్లు, ఫోన్లు, కార్డు మెషిన్ చార్జింగ్ కలిపి 50 వేసుకున్నాం. 12.8 వోల్టుల 50 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అంటే 640 వాట్ అవర్లు, అందులో ఎనభై శాతమే వాడినా పది గంటలు వస్తుంది. జనరేటర్ మోత లేదు, పక్కింటి ప్లగ్ కోసం బతిమాలడం లేదు.

గాలి గురించి తేలిగ్గా తీసుకోవద్దు. మూడు మీటర్ల చదరపు పందిరి అంటే తొమ్మిది చదరపు మీటర్ల తెరచాప. పెద్ద భవనాల పక్కన గాలి మూల తిరిగి ఒక్కసారిగా కొడుతుంది, కొత్త మ్యూజియాలన్నీ పెద్ద భవనాలే. చప్టా మీద మేకులు దిగవు కాబట్టి బరువులే గతి, ఒక్కో కాలికి 20 కిలోలు. నీళ్ల డబ్బాలైతే అక్కడికి వెళ్లాక నింపుకోవచ్చు, లీటరుకు కిలో, మోసే బాధ లేదు. ఇసుక అయితే అదే బరువు తక్కువ చోటులో వస్తుంది కానీ మోయాలి. మేం నీళ్లకే ఓటేశాం, కుళాయి ఎక్కడుందో యజమానిని ముందే అడిగి పెట్టుకున్నాం. డబ్బాను కాలి పక్కన ఊరికే పెడితే చాలదు, పట్టీతో పందిరి పై మూలకు బిగించాలి. గాలి పెరిగితే మాత్రం బరువులను నమ్ముకోకుండా పందిరి దించేయడమే.

బొమ్మల హక్కులు

మాకు మొదట తట్టిన డిజైన్ మ్యూజియం భవనం గీత బొమ్మ. ఎవరికైనా అదే తడుతుంది. దాన్ని పక్కన పెట్టాం, కారణం చెప్తాను.

భవనానికి కూడా కాపీరైట్ ఉంటుంది, అది ఆర్కిటెక్ట్‌ది. వీధిలో కనిపించే భవనాన్ని బొమ్మ గీసి అమ్ముకోవచ్చా లేదా అనేది దేశాన్ని బట్టి మారుతుంది. జర్మనీలో వీధిలో నిలబడి తీసిన ఫోటో అమ్ముకోవచ్చని చట్టంలో మినహాయింపు ఉంది. అక్కడ కూడా 2003లో వియన్నాలోని హుండర్ట్‌వాసర్ భవనం కేసులో, ఎదుటి ఇంటి పై అంతస్తు నుంచి తీసిన ఫోటోకు ఆ మినహాయింపు వర్తించదని జర్మనీ కోర్టు చెప్పింది. ఫ్రాన్స్‌లో 2016 చట్టం మినహాయింపు ఇచ్చింది కానీ వ్యాపారానికి కాదు. ఈఫిల్ టవర్ కట్టడానికి హక్కుల గడువు తీరిపోయింది, రాత్రి దీపాల అలంకరణ మీద మాత్రం హక్కులున్నాయంటారు. మీరున్న చోట చట్టం ఒప్పుకున్నా, మ్యూజియం పేరు, లోగో ట్రేడ్‌మార్కులు, అవి సంచి మీద వేసి అమ్మితే మ్యూజియమే అమ్ముతోందని కొనేవాళ్లు అనుకుంటారు. అక్కడితో నోటీసు వస్తుంది.

మరి ఏం వేయాలి? దీనికి మంచి దారి ఉంది, ఉచితం కూడా. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 ఫిబ్రవరిలో హక్కుల గడువు ముగిసిన కళాకృతుల బొమ్మలు 3,75,000 సీసీ-జీరో కింద వదిలేసింది, అంటే వ్యాపారానికి కూడా ఎవరినీ అడక్కుండా వాడుకోవచ్చు. స్మిత్‌సోనియన్ 2020 ఫిబ్రవరిలో 28 లక్షలతో మొదలుపెట్టింది. రైక్స్‌మ్యూజియం కూడా మంచి నాణ్యత ఉన్న ఫైళ్లు ఇస్తుంది. ఐరోపాలో 2019 నాటి కాపీరైట్ ఆదేశం, గడువు తీరిన చిత్రానికి ఉన్నదున్నట్టు తీసిన ఫోటో మీద కొత్తగా హక్కు పుట్టదని తేల్చింది. జాగ్రత్తపడాల్సింది ఒక్కటే, బొమ్మ పక్కన ఏ లైసెన్సు రాసుందో చదవాలి. "వ్యాపారేతర వాడకానికి మాత్రమే" అని ఉంటే ఎంత పాత బొమ్మైనా ముట్టుకోం.

ఉచితం అయ్యేసరికి అందరూ అవే పదీ పదిహేను బొమ్మలు వాడతారు, అదొక తంటా. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ గీసిన కెరటం లేని సంచి ఈ రోజుల్లో దొరకడం కష్టం. మేం ప్రసిద్ధ చిత్రాలన్నీ వదిలేసి పాత వృక్షశాస్త్ర చిత్రాలు, నేత నమూనాల పుస్తకాల్లోని పుటలు, పనిముట్ల రేఖాచిత్రాలు తీసుకున్నాం. కొత్త మ్యూజియం లోపల ఏ గ్యాలరీలు ఉంటాయో వాళ్లు ముందే ప్రకటించారు కాబట్టి, ఆ విషయాలకు దగ్గరగా ఉండేవి ఏరాం. లోపల మగ్గం చూసొచ్చిన మనిషికి బయట నేత నమూనా ఉన్న నోటుపుస్తకం కనబడితే చెయ్యి దానంతటదే వెళ్తుంది, మ్యూజియం పేరు అచ్చు వేయాల్సిన అవసరమే లేదు. ప్రతి వస్తువు వెనక ఆ బొమ్మ ఏమిటి, ఎప్పటిది, ఏ సంస్థ ఇచ్చింది అని రెండు లైన్లు వేశాం. చట్టప్రకారం అక్కర్లేదు. అయినా తిప్పి చూసినవాళ్లు ఆ రెండు లైన్లు చదువుతారు, చదువుతున్నంతసేపూ వస్తువు చేతిలోనే ఉంటుంది.

ఎంత సరుకు?

అందరూ పెద్ద సంఖ్యలు చెప్పి ఊరిస్తారు. బిల్బావోలో గుగ్గెన్‌హైమ్ 1997 అక్టోబర్‌లో తెరిస్తే మొదటి ఏడాది 13 లక్షలకు పైగా వచ్చారని, లూవ్ర్ అబుదాబి 2017 నవంబర్‌లో తెరిస్తే ఏడాదిలో పది లక్షలని. నిజమే. కానీ వారానికి ఒకరోజు సెలవు తీసేసి పది లక్షలను ఏడాదికి పంచితే రోజుకు 3,200 మంది. పది గంటలు తెరిచి ఉంచితే గంటకు 320. అదీ ప్రపంచంలో అందరి నోళ్లలో నానే మ్యూజియం సంగతి. మాది దానిలో పదో వంతు అనుకున్నాం, రోజుకు 320 మంది. అందులో మా వైపు నడిచేది సగం, ఆగేది అందులో కొంత, కొనేది నూటికి ఇద్దరో ముగ్గురో అనుకుంటే, రోజుకు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని బేరాలు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక నలుగురమూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అక్కే అంది, "మరయితే వంద సంచులు ఎందుకు కుడుతున్నాన్రా నేను?"

దాంతో పద్ధతి మార్చాం. ప్రతి డిజైన్‌లో కొద్దికొద్దిగా, అయిపోతే మళ్లీ చేసేలా. గుడ్డ కోసి పెట్టుకోవడం, కుట్టకుండా ఉంచడం. నోటుపుస్తకాల లోపలి కాగితం కట్టలు సిద్ధంగా పెట్టి, అట్ట మాత్రం ఆఖర్న వేయడం. అట్ట వేయనంతవరకు అది ఏ మ్యూజియానికీ చెందని మామూలు నోటుపుస్తకమే, ఎక్కడైనా అమ్ముడుపోతుంది.

ధరల్లో మూడు మెట్లు పెట్టుకున్నాం: ఆలోచించకుండా తీసుకునేది, కొంచెం ఆగి తీసుకునేది, ఎవరికైనా బహుమతిగా ఇచ్చేది. ఇంకో ముందుచూపు, మ్యూజియం షాపు వాళ్లు ఎప్పుడైనా మన సరుకు టోకున అడిగితే, మామూలుగా అమ్మకపు ధరలో సగం దగ్గర అడుగుతారు. ఆ సగానికి ఇచ్చినా మనకు మిగిలేలా ఇప్పుడే ధర వేసుకోవాలి, తర్వాత పెంచితే బాగోదు. ఆ లెక్క వేసి చూస్తే పెద్ద చెక్క పెట్టె ఒకటి ఎటూ గిట్టుబాటు కావడం లేదు, దాన్ని తీసేశాం. అన్న రెండ్రోజులు మొహం ముడుచుకున్నాడు.

చెల్లింపులకు క్యూఆర్ బోర్డు, కార్డు మెషిన్, చిల్లర డబ్బా. జనం మరీ ఎక్కువైతే ఫోన్ నెట్‌వర్క్ పడిపోతుంది కాబట్టి రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు. అంతే.

ప్రారంభ వారం

అనుకున్నట్టే తేదీ ఒకసారి జరిగింది. ఒప్పందంలో లైను ఉంది కాబట్టి అద్దె కూడా జరిగింది.

ప్రారంభం రోజున మేం స్టాల్ వేయలేదు. ఇది విని చాలామంది వింతగా చూశారు. ఆ రోజు పెద్దలు వస్తారు, బారికేడ్లు పడతాయి, దార్లు మూస్తారు, పార్కింగ్ ఎత్తేస్తారు, సరుకు దించే కారు దగ్గరికే రాదు. వచ్చినవాళ్లంతా ఆహ్వానితులు, ఒక కారులో దిగి అదే కారులో ఎక్కుతారు. నేను ఊరికే చూడ్డానికి వెళ్లాను. బారికేడ్ల అవతల బెలూన్లు అమ్మే అతను తప్ప అమ్మకందార్లెవరూ సరిగ్గా నిలబడలేకపోయారు, నిమిషానికోసారి "జరగండి, జరగండి" అనడమే. ఒక స్టాల్ వాళ్లయితే సామాను దించిన పది నిమిషాలకే మళ్లీ ఎక్కించుకున్నారు.

మా మొదటి రోజు జనానికి తెరిచిన తర్వాత వచ్చిన వారాంతం. బోణీ ఒక పెద్దావిడది, నేత నమూనా నోటుపుస్తకం. ఆవిడ దాన్ని తీసుకుని ముందు వెనక్కి తిప్పింది, రెండు లైన్లు చదివింది, "ఇది లోపల ఉందా?" అని అడిగింది. లేదమ్మా, ఇది వేరే దేశంలోది, లోపల ఉన్నదానికి దగ్గరగా ఉంటుందని పెట్టాం అన్నాను. "అలా చెప్పు, నేను చూడకుండా వదిలేశానేమో అనుకున్నా" అంది. తర్వాత ఇదే ప్రశ్న ఇంకా చాలామంది అడిగారు. అందుకే ఇప్పుడు బల్ల మీద చిన్న బోర్డు పెట్టాం, ఇవి మ్యూజియం వస్తువుల నకళ్లు కావు, మాకు మ్యూజియంతో సంబంధం లేదు అని. బోర్డు పెడితే అమ్మకం తగ్గుతుందని బైండింగ్ ఆయన భయపడ్డాడు, తగ్గలేదు.

జనం ఎక్కువున్న ఆ మొదటి వారాంతాల్లో పోస్ట్‌కార్డులు బాగా పోయాయి, సంచులు ఓ మోస్తరు, నోటుపుస్తకాలు నెమ్మదిగా. మామూలు రోజుల్లో ఇది తిరగబడింది. మంగళవారం, బుధవారం వచ్చేవాళ్లు తక్కువ, కానీ వాళ్లకు తొందర లేదు, నిలబడి మాట్లాడతారు, నోటుపుస్తకం కాగితం వేలితో తడిమి చూస్తారు, పైన పెట్టిన ఖరీదైనదే తీసుకుంటారు. ఒక ఆర్ట్ టీచర్ క్లాసు మొత్తానికి కావాలని ఆర్డర్ ఇచ్చి వెళ్లింది, అలాంటిది శని ఆదివారాల తోపులాటలో జరగదు. మామూలు రోజుల అద్దె కూడా తక్కువ కాబట్టి, వచ్చే నెల నుంచి ఒక ఆదివారం వదిలేసి ఇంకో బుధవారం తీసుకుందామని నేనంటున్నా. అన్న ఇంకా ఒప్పుకోలేదు. ఆదివారం పిల్లలు వస్తారు, వాళ్లుంటేనే చెక్క వస్తువులు పోతాయి, ఆయన వాదన కూడా కొట్టేయలేం.

ఇప్పటికి ఎక్కడున్నాం

స్టాల్ వేయడం అరగంట లోపే అవుతోంది, విప్పడం ఇంకా తొందరగా. కాళ్ల దిమ్మల్లో ఒకటి పగుళ్లిచ్చింది, వర్షంలో నానిన మూలంగా, కొత్తది టేకు ముక్కతో చేస్తున్నాడు. తెల్ల పందిరి మీద దుమ్ము చారలు పడ్డాయి, ఉతకడానికి విప్పాలంటే ఒక వారం ఖాళీ కావాలి.

మ్యూజియం షాపు నుంచి ఒకావిడ వచ్చి నోటుపుస్తకాలు చూసి, నమూనాలు పంపమంది. అమ్ముడైతేనే డబ్బు, మిగిలితే వెనక్కి అనే పద్ధతిలో అడుగుతున్నారు. మేం కొంత సరుకైనా ముందే డబ్బిచ్చి తీసుకోమంటున్నాం, కనీసం మొదటి విడత. పాడైన వస్తువు ఎవరి ఖాతాలోకి పోవాలి, లెక్కలు నెలకా మూడు నెలలకా అనేవి కాగితం మీద అడిగాం, జవాబు రావాలి. ఈలోగా ఆరు నమూనాలకు అట్టలు వేయమని బైండింగ్ ఆయనకు చెప్పాను. ఎల్లుండి ఇస్తానన్నాడు, ఆయన ఎల్లుండి అంటే శుక్రవారం.